దగ్గరి రాముడు – దూరపు ముత్తాత



విశ్వావసు నామ సంవత్సర ఉగాదినాడు, అనగా 2025వ సంవత్సరమున, పంచాంగ శ్రవణము ముగిసిన పిమ్మట ఒక వృద్ధ గృహస్థు మా దగ్గరకు వచ్చి కూర్చుండెను. ఆయన వ్యవసాయదారుడు, విశేషముగా చదువుకొన్నవాడు కాడు. “అయ్యవారూ, ఒక సందేహమండి. రాముడు త్రేతాయుగము నాటివాడు గదా! లక్షల ఏండ్లాయెనని తమరే చెప్పితిరి. అయినను రాముని తలచుకొనిన మా ఇంటి పెద్దకొడుకును తలచుకొన్నట్లే యుండును. మా ముత్తాత పోయి నూరేండ్లు కూడ కాలేదు. ఆయన పేరు తప్ప నాకేమియు తెలియదు, ఆయనను తలచుకొన్నను మనసున ఏమియు మెదలదు. దగ్గరివాడు దూరమై, దూరపువాడు దగ్గరైనాడేమండి?” అని అడిగెను.

మాకు వెంటనే సమాధానము తోచలేదు. భక్తి మహిమ యని ఒక్క మాటతో పంపివేయవచ్చును. కాని ఆయన అడిగినది భక్తిని గూర్చి కాదు, కాలమును గూర్చి. అదియుగాక ఆ ప్రశ్న మా ఇంటిలోనే చాలకాలముగా తిరుగుచున్న ప్రశ్న. అది ఎట్లో ముందుగా మనవి చేసెదము.

మా తండ్రిగారు అమావాస్యనాడు తర్పణము చేయుచుండగా మేము చిన్నతనమున ప్రక్కన నిలిచి వినెడివారము. తండ్రి జీవించియుండగా కుమారునకు తర్పణాధికారము లేదు గనుక వినుటయే మా పని. పితరులను ముగ్గురిని చెప్పుదురు గదా: తండ్రి వసురూపుడు, తాత రుద్రరూపుడు, ముత్తాత ఆదిత్యరూపుడు. మా తండ్రిగారు మొదట నరసింహశర్మ యని, తరువాత సూర్యనారాయణశర్మ యని, మూడవ పర్యాయము మరల నరసింహశర్మ యని చెప్పెడివారు. ఒకే పేరు రెండుమార్లు పొరపాటున వచ్చుచున్నదని మేమొకనాడు సవరింపబోతిమి. ఆయన నవ్వి, “ఒకరు మీ తాతగారు, ఇంకొకరు ఆయన తాతగారు. తాత పేరు మనుమనికి పెట్టుట మన ఇంటి వాడుక” అని చెప్పిరి. మా పేరును నరసింహమే, మా తండ్రిగారి పేరు సూర్యనారాయణ. రెండే పేర్లు ఒకదాని వెనుక నొకటి తిరుగుచున్నవి.

మా తండ్రిగారు గతించిరి. సపిండీకరణమైన తరువాత తర్పణాధికారము మాకు వచ్చెను. అప్పుడు మేము చెప్పు ముగ్గురు ఎవరు? మా తండ్రిగారు, మా తాతగారు, మా ముత్తాతగారు. అనగా ఆ రెండవ నరసింహశర్మగారు, మా తండ్రిగారి నోట నెలనెలా వినబడుచుండిన మూడవ పేరు, మా నోట లేదు. పేరు ఉన్నది, కాని అది ఇప్పుడు మా తాతగారిది మాత్రమే. మనిషి వెడలిపోయెను. ఈ ముగ్గురికి పైన మేము ఎవరిని స్మరింతుము? ప్రవర చెప్పునప్పుడు అంగిరసుని, బృహస్పతిని, భరద్వాజుని. ముత్తాతకును భరద్వాజునికిని నడుమ ఎన్ని వందల తరములు గడచినవో, వారిలో ఒక్కరి పేరైనను మాకు తెలియదు. మూడు మెట్లు ఎక్కిన తరువాత నాలుగవ మెట్టు నేరుగా ఋషిలోకము. నడుమ అంతయు మంచు కప్పిన బయలు.

ఇది మా ఇంటి మాట మాత్రమే కాదు. మీరును ఇంటికి పోయి లెక్క చూచుకొనుడు.

ఇక సంకల్పము సంగతి. నిత్యము ఆచమనము చేసి ప్రాణాయామము పట్టిన వెంటనే మనము చెప్పునది కాలపరిమాణము. బ్రహ్మదేవుని ఆయువులో రెండవ సగము, శ్వేతవరాహకల్పము, వైవస్వత మన్వంతరము, కలియుగము, అందు మొదటి పాదము, ఆపై ప్రభవాది సంవత్సరములలో నేటి సంవత్సరము, అయనము, ఋతువు, మాసము, పక్షము, తిథి, వారము. దేశమును కూడ అట్లే జంబూద్వీపము నుండి ఆరంభించి, శ్రీశైలమునకు ఏ దిక్కున నున్నామో చెప్పి, ఏ నదుల నడుమ నున్నామో చెప్పి, చివరకు మన ఇంటి అరుగు మీదికి వత్తుము. విదేశములలో స్థిరపడిన మనవారు దేశము మార్చి చెప్పుకొనుచున్నారు, కాలము మాత్రము మార్చుకొనలేదు. ఈ సంకల్పము ఎంత గొప్ప కొలబద్దయో చెప్పనలవి కాదు. అయితే దానిని మనము ఎట్లు చెప్పుచున్నాము? ఊపిరి తిప్పుకొనకుండ, రైలుబండి స్టేషనులను దాటినట్లు. మేమును అరువది ఏండ్లకు పైగా అట్లే చెప్పుచున్నాము, ఒప్పుకొనుటకు సిగ్గేమి?

లెక్క ఇది. కృతయుగము 17,28,000 సంవత్సరములు, త్రేత 12,96,000, ద్వాపరము 8,64,000, కలి 4,32,000. నాలుగును కలిసి ఒక మహాయుగము 43,20,000. అట్టివి 71 అయిన ఒక మన్వంతరము. పదునాలుగు మన్వంతరములును, వాటి సంధులు పదునైదును కలిసి వేయి మహాయుగములు, అది బ్రహ్మకు ఒక పగలు, 432 కోట్ల సంవత్సరములు. ఆ పగటిలో ఆరు మన్వంతరములు పోయి, ఏడవదానిలో 27 మహాయుగములు పోయి, 28వ దానిలో మూడు యుగములు పోయి, కలిలో 2025 ఉగాది నాటికి 5126 సంవత్సరములు గడచినవి. మొత్తము గడచినది 197 కోట్ల 29 లక్షల 49 వేల 126. భూమి వయస్సు సుమారు 454 కోట్ల సంవత్సరములని నేటి శాస్త్రజ్ఞులు చెప్పుచుండగా, మన 432 కోట్లు దానికి దగ్గరగా నున్నవని పొంగిపోవువారు కొందరు కలరు. ఆ అతుకు నిలువదు. 432 కోట్లు పూర్తి పగలు, గడచినది 197 కోట్లే. మన శాస్త్రమునకు ఇట్టి అరువు సాక్ష్యములు అక్కరలేదు.

ఈ సంఖ్యలను నోరు పలుకును గాని మనసు పట్టుకొనదు. అందుచేత మా గురువుగారు మాకొక ఉపాయము నేర్పిరి. నాలుగు లక్షల ముప్పది రెండు వేల ఏండ్ల కలియుగమును ఒక అహోరాత్రముగా భావింపుడు. అహోరాత్రమునకు అరువది ఘడియలు, ఘడియకు అరువది విఘడియలు, వెరసి 3600 విఘడియలు. 4,32,000ను 3600తో భాగింపుడు. సరిగా 120 వచ్చును. మనుష్యునకు పూర్ణాయుర్దాయము 120 అని జ్యోతిష్కులు చెప్పుదురు గదా! అనగా నిండు నూటయిరువది ఏండ్లు బ్రతికినవాడు కలియుగమను దినములో ఒక్క విఘడియ బ్రతికినవాడు. ఇప్పటి గడియారపు లెక్కలో ఇరువదినాలుగు సెకండ్లు. ఈ లెక్కన కలి ప్రవేశించి ఎంత ప్రొద్దెక్కినది? నలువదిమూడు విఘడియలు కూడ నిండలేదు. సూర్యోదయమై ఒక ఘడియయైనను కాలేదు.

ఇంకొక విశేషము. ప్రతి యుగమునకు ముందు సంధ్య, చివర సంధ్యాంశము ఉండును. కలికి సంధ్య 36,000 సంవత్సరములు. అందులో ఏడవ వంతు కూడ ఇంకను పూర్తి కాలేదు. “కలి ముదిరినది” అని మనము వీధి అరుగుల మీద కూర్చుండి చెప్పుకొనుచున్నాము. ముదురుట ఎక్కడిది? ఇంకను కలికి సంధ్యావందనపు వేళ దాటలేదు.

ఈ ఉపాయము మా గురువుగారు చెప్పిన సందర్భము మరపురానిది. అది 1962 ఫిబ్రవరి, ప్లవ నామ సంవత్సర పుష్య మాసాంతము. సూర్య చంద్ర కుజ బుధ గురు శుక్ర శనులు ఏడుగురును, కేతువును మకరరాశిలో చేరిరి. అమావాస్య, దానితో సూర్యగ్రహణము. అష్టగ్రహ కూటమియని దేశమంతట అలజడి పుట్టెను. ఎక్కడ చూచినను హోమములు, నామసంకీర్తనములు, శాంతులు. ప్రపంచము అంతమగునని జనులు గట్టిగా నమ్మిరి. మాకప్పటికి పదమూడేండ్లు. పాఠశాల ఉన్న గ్రామములో ఒక రైతు, మంచివాడు, విత్తనమునకు దాచిన ధాన్యమును కూడ వండించి అన్నదానము చేసివేసెను. రేపు లేనప్పుడు విత్తనమెందుకని అతని వాదము. మా తోటి విద్యార్థులలో ఇద్దరు ఇంటికి పోవుదుమని ఏడ్చిరి. నిజము చెప్పవలెనన్న మేమును ఏడ్చితిమి.

గురువుగారు మమ్ము కాలువ ఒడ్డున కూర్చుండబెట్టి సంకల్పము చెప్పుమనిరి. చెప్పితిమి. “ఏ యుగము?” “కలియుగము.” “ఏ పాదము?” “ప్రథమ పాదము.” “ఎన్ని గడచినవి?” “5062.” “మిగిలినవెన్ని?” ఇసుకలో వ్రాసి తీసివేసి చూచితిమి, 4,26,938. అప్పుడాయన, “ఉదయము ఈ లెక్క చెప్పిన నోటితోనే సాయంకాలము ప్రళయము రేపు అనుచున్నారు గదా నాయనా, ఈ రెంటిలో మీరు నమ్మునది ఏది?” అని అడిగిరి. మేమేమి చెప్పుదుము? అమావాస్య గడచెను. ఆ రైతు మరుసటి తొలకరికి విత్తనము అప్పు తెచ్చుకొనెను. గురువుగారు తమ గాదె నుండి కొంత ఇచ్చిరి. యాభై ఏండ్ల తరువాత 2012 డిసెంబరు 21నాడు లోకము అంతమగునని టెలివిజనులలో వార్తలు వచ్చినప్పుడు, ఆ కాలువ ఒడ్డే మాకు జ్ఞప్తికి వచ్చెను. భయమునకు దూరము తెలియదు. నాలుగు లక్షల ఏండ్ల ఆవలి దానిని గుమ్మము ముందు నిలబెట్టగలదు.

సరే, భయము వలన భవిష్యత్తు దగ్గరగు సంగతి చెప్పుకొంటిమి. భూతకాలము దగ్గరగుట ఎట్లు? ఈ విషయము మన వ్యాకరణ శాస్త్రములో చక్కగా విచారింపబడినది. సంస్కృతమున భూతకాలమునకు పాణిని మూడు లకారములు చెప్పెను. సామాన్యముగా జరిగిపోయినదానికి లుఙ్. నేడు కాక నిన్న గాని అంతకు పూర్వము గాని జరిగినదానికి లఙ్. నేటిది కాక, చెప్పువానికి పరోక్షము కూడ అయినదానికి లిట్. మరి భవిష్యత్తుకు? సామాన్యమునకు లృట్, నేటిది కానిదానికి లుట్, రెండే. భవిష్యత్తులో పరోక్షమని వేరొక లకారము లేదు. ఏల లేదు? రాబోవునదంతయు పరోక్షమే గనుక. చూచినది, చూడనిది అను భేదము గడచినదానికే గాని రానున్నదానికి లేదు.

ఇంతకు పరోక్షమనగా ఎంత దూరము? పతంజలి మహర్షి మహాభాష్యమున ఈ ప్రశ్న వేసి నాలుగు అభిప్రాయములు చూపెను. నూరేండ్ల క్రిందట జరిగినది పరోక్షమని కొందరు. వేయి ఏండ్ల క్రిందటిదియని ఇంకొందరు. గోడకో తడికకో ఆవల జరిగినదియు పరోక్షమేయని మరికొందరు. రెండు మూడు దినముల క్రిందట జరిగినదియని వేరొకరు. ఎంత చమత్కారము! వేయి ఏండ్లును, ఒక తడికయును ఒకే వరుసలో నిలిచినవి. ప్రక్క ఇంటిలో ఈ క్షణమున జరుగుచున్నది మనకు తెలియనప్పుడు, అది వేయేండ్ల నాటి దానితో సమానమే.

పతంజలి క్రీ.పూ. 2వ శతాబ్దివాడని పండితుల నిర్ణయము. ఆయన కాలమున యవనులు సాకేతమును ముట్టడించిరి. ఆ వార్తకు లిట్ కాక లఙ్ వాడవలెనని ఆయన ఉదాహరణ. తాను చూడకున్నను లోకప్రసిద్ధము, చూడదలచిన చూడగలిగియుండును గనుక. దానికి ప్రత్యుదాహరణగా వాసుదేవుడు కంసుని చంపుటను చూపెను. అది లోకప్రసిద్ధమే అయినను, చూడదలచినను చూడలేనంత దూరము గనుక అక్కడ లిట్ తప్పదు. వ్యాకరణము గీచిన గీత అది. కంసవధ ఆ గీతకు ఆవల ఉన్నది.

అయితే అదే మహాభాష్యములో మరియొక చోట ఇంకొక ప్రశ్న వచ్చును. కథలు చెప్పువారు, ఆడి చూపువారు, చిత్తరువులు చూపువారు ఉందురు. వారిని గూర్చి “కంసుని చంపించుచున్నాడు, బలిని కట్టించుచున్నాడు” అని జనులు వర్తమానములో చెప్పుదురు. కంసుడు చచ్చి ఎంతకాలమాయెను, బలి బంధింపబడి ఎంతకాలమాయెను, వర్తమానము ఎట్లు కుదురును? పతంజలి సమాధానము: ఆడువారు కన్నుల ఎదుటనే చంపి చూపుచున్నారు, చిత్తరువులో దెబ్బ పడుచునే యున్నది, కథ చెప్పువారు ఆ పురుషుల పుట్టుక మొదలు చావు వరకు గల వృత్తాంతమును వినువారి బుద్ధిలో నిలుపుచున్నారు. అంతేకాదు, లోకములో మూడు కాలములును వినబడుచున్నవనెను. “పద, కంసుడు చచ్చుచున్నాడు” అని ఒకడు. “పద, కంసుడు చావబోవుచున్నాడు” అని ఒకడు. “ఇంకెందుకు పోవుట, కంసుడు చచ్చినాడు” అని మూడవవాడు. ఆట ఆరంభము కాలేదా, నడుచుచున్నదా, ముగిసినదా అన్నదానిని బట్టి కంసుని చావు భవిష్యత్తు, వర్తమానము, భూతము అగుచున్నది!

ఇది మనకు క్రొత్తయా? తోలుబొమ్మలాట ఆడు రాత్రి, లక్ష్మణుడు మూర్ఛపోవు ఘట్టమునకు ముందు నిద్రపోవుచున్న పిల్లలను తల్లులు లేపుట మేము ఎరుగుదుము. “లేవరా, లక్ష్మణుడు పడిపోవు వేళయైనది” అని లేపెడివారు. శ్రీరామనవమినాడు భద్రాచలములో మధ్యాహ్నము జీలకఱ్ఱ బెల్లము పెట్టు క్షణమున ఎవరైనను “ఎనిమిది లక్షల ఏండ్ల క్రిందట రామునకు పెండ్లియైనది” అందురా? “నేడు రాములవారి పెండ్లి” అనియే అందురు. తలంబ్రాలు కొంగున ముడివేసుకొని ఇంటికి తెచ్చుకొందురు. మరి అదే భద్రాద్రి ఆలయమును కట్టించిన కంచర్ల గోపన్నగారు, మన రామదాసుగారు, ఎప్పటివారు? గోల్కొండను తానీషా ఏలిన కాలమువారు. తానీషా ప్రభుత్వము 1672 నుండి 1687 వరకు. సుమారు మూడు వందల యాభై ఏండ్ల నాటి మాట. అయినను అక్కడికి పోయినవారికి రాముడు ఎదుట నున్నాడు, రామదాసు చరిత్రలో నున్నాడు.

రాముని కాలమును గూర్చి కూడ ఒక మాట. ఈ మహాయుగపు త్రేతాంతమున రాముడు అవతరించెనని గ్రహించిన, నాటినుండి ఎంత తక్కువ చెప్పినను 8,69,000 సంవత్సరములు. హరివంశాదులలో 24వ మహాయుగపు త్రేతయని యున్నది. ఆ లెక్కన కోటి 81 లక్షల ఏండ్లకు పైమాట. ఈ రెండు లెక్కలకు ఇరువది రెట్ల భేదమున్నది. ఈ భేదము తెలిసిన తరువాత ఏ భక్తునికైనను రాముడు మునుపటి కంటె ఇరువది రెట్లు దూరమైనట్లు తోచునా? తోచదు. ఒక హద్దు దాటిన తరువాత సంఖ్య పెరుగును గాని దూరము పెరుగదు.

పూర్వులు కూడ అందరు ఒకే దూరమును చూడలేదు. బాదామి చాళుక్యుడైన రెండవ పులకేశి కాలమున రవికీర్తి వ్రాసిన ఐహోళె శాసనము భారతయుద్ధము జరిగి 3735 సంవత్సరములైనదని, అది శకము 556 అని చెప్పుచున్నది, అనగా క్రీ.శ. 634. ఆర్యభటుడు తనకు ఇరువదిమూడేండ్లు నిండిన నాటికి మూడు యుగపాదములును, ఆపై అరువది అరువదులు సంవత్సరములును గడచినవని చెప్పుకొనెను. అరువది అరువదులన 3600, అది క్రీ.శ. 499. అయితే ఆయన నాలుగు యుగములను సమానముగా పంచెను. మన్వంతరమునకు 71 కాక 72 యుగములనెను. అందులకు బ్రహ్మగుప్తుడు ఆయనను గట్టిగా మందలించెను. కాశ్మీరమున కల్హణుడు కలిలో 653 ఏండ్లు గడచిన తరువాతనే కురుపాండవులుండిరని నిశ్చయించెను. ఇక వేదాంగ జ్యోతిషమునకు పోయిన అక్కడ యుగమనగా అయిదు సంవత్సరములే! సంవత్సర, పరివత్సరాది నామములతో అయిదేండ్ల చుట్టు. ఇందాకటి ఉపాయములో చెప్పవలెనన్న, కలియుగ దినములో అది ఒక్క సెకండు. ఒకే మాట, ఒకచోట సెకండు, ఒకచోట దినము. కాబట్టి “మా లెక్కయే లెక్క” అని తగవులాడుట పాండిత్యము కాదు.

దిక్కును గూర్చి కూడ ఆలోచింపుడు. పూర్వమనగా తూర్పు, పూర్వమనగా ఎదురు, పూర్వమనగా గడచినది. పశ్చిమమనగా పడమర, వెనుక భాగము, తరువాతిది. ప్రాతఃకాలమున తూర్పు ముఖముగా నిలిచి అర్ఘ్యమిచ్చువానికి ఎదుట నున్నది పూర్వము, వీపు వెనుక నున్నది రాబోవునది. చూచిన దానిని ఎదుట పెట్టుకొని, చూడని దానిని వెనుక పెట్టుకొని మన భాష నిలిచియున్నది. తెలుగు ఇంకను విచిత్రమైనది. “ముందు చెప్పినట్లు” అన్నప్పుడు ముందు గడచినది. “ముందు ముందు ఏమగునో” అన్నప్పుడు రానున్నది. “వెనుకటి రోజులు” గడచినవి, “ఆ వెనుక వచ్చినవాడు” తరువాతివాడు. ఈ మాటలతో మనము తడబడకుండుటయే ఆశ్చర్యము. నిన్న, మొన్న, అటుమొన్న యని మూడు మెట్లకు పేర్లు పెట్టి తెలుగు ఆగిపోయినది. తర్పణమును మూడు తరములే. ఈ పోలికకు ప్రమాణమేమియు లేదు, మాకు తోచినది చెప్పితిమి.

భాగవత నవమ స్కంధములోని కకుద్మి కథ మీరెరిగినదే. రైవతుడనియు ఆయనకు పేరు. కుమార్తె రేవతికి తగిన వరుని అడుగుటకు ఆమెను వెంటబెట్టుకొని బ్రహ్మలోకమునకు పోయెను. అక్కడ గానము జరుగుచున్నది. నడుమ అడుగుట మర్యాద కాదని క్షణకాలము ఆగెను. పాట ముగిసిన తరువాత తాను అనుకొన్న వరుల పేర్లు చెప్పగా బ్రహ్మ నవ్వి, వారు కాదు, వారి పుత్రులు కాదు, పౌత్రులు కాదు, వారి గోత్రములు కూడ ఇప్పుడు వినబడవనెను. ఇరువదియేడు చతుర్యుగములు గడచిపోయినవి. పురాణము వినునప్పుడు ఈ ఘట్టమున జనులు నవ్వుదురు. మేమును నవ్వెడివారము. వయస్సు మీదపడిన తరువాత ఆ నవ్వు రావడము లేదు. గోత్రములు కూడ వినబడకపోవుట యనగా ఏమో ఆలోచింపుడు. మనము నడుమనున్న వందల తరములను మరచినను గోత్రమనెడి చివరి త్రాడు పట్టుకొని వ్రేలాడుచున్నాము. కకుద్మికి అదియు తెగిపోయెను. ఆ ఇరువదియేడు అన్న సంఖ్యయు గమనింపదగినది. వైవస్వత మన్వంతరములో ఇది 28వ మహాయుగమని చెప్పుచున్నాము గదా! ముచుకుందుడు మాత్రము గుహలో నిద్రించి ద్వాపరాంతమున లేచి, బయటకు వచ్చి, మనుష్యులును చెట్లును చిన్నవైనందున కలి సమీపించెనని తెలిసికొనెను. ఆయనకు పంచాంగము అక్కరలేకపోయెను.

ఆ వృద్ధ గృహస్థునకు మేము చెప్పిన సమాధానము ఇది. ఏటేటా పెండ్లి చేసి, నెలనెలా పారాయణ చేసి, రాత్రులు ఆట ఆడి రాముని మనము దగ్గరగా ఉంచుకొన్నాము. అది అప్రయత్నముగా జరిగినది కాదు. మీ ముత్తాతకు అట్లు చేసినవారు లేరు. ఆయన కొంతసేపు ఊరకుండి, “అయితే మా ముత్తాత దున్నిన చెక్క ఏదో నాకు తెలుసునండి. అది చెప్పుకొందును” అని లేచెను.

ఆ మాట మమ్ము ఇంటికి వెంబడించినది. మా ఇంట ఒక తాళపత్ర గ్రంథము కలదు, ఆపస్తంబ ప్రయోగము. చివరి ఆకున వ్రాసినవాని పేరు నరసింహశర్మ యనియు, పరాభవ సంవత్సర కార్తికమున ముగిసెననియు ఉన్నది. శకము లేదు, కల్యబ్దము లేదు, వారము లేదు. పరాభవ 1906లో వచ్చినది, 1846లో వచ్చినది. 1906లో మా తాతగారికి పదునెనిమిదేండ్లు. మా తండ్రిగారు చెప్పిన లెక్కను బట్టి 1846లో తాతగారి తాతగారికి కూడ రమారమి పదునెనిమిదేండ్లే. పేరు ఒకటే, సంవత్సరము ఒకటే, వయస్సు ఒకటే. వ్రాసినవారు ఎవరు? మా తాతగారు కాగితము మీద వ్రాసిన జాబులున్నవి గాని, కలము పట్టిన చేతికిని గంటము పట్టిన చేతికిని పోలిక చెప్పలేము. అడుగుటకు మా తండ్రిగారు లేరు. ఆయన ఉన్నంతకాలము అడుగవలెనని మాకు తోచలేదు. అరువది ఏండ్ల చక్రము నుడులు తప్పక తిరిగివచ్చును, మనుష్యులను కలిపివేయును. తాతయు తాతకు తాతయు ఆ ఆకు మీద ఒక్కరైపోయిరి.

1966 పరాభవలో మాకును పదునేడేండ్లు, మేమును నరసింహమే. అయితే తాటాకు మీద వ్రాయు విద్య మాకు రాదు గనుక మా మీద అనుమానము రాదు. 2026 ఉగాదితో ఆరంభమగు సంవత్సరము మరల పరాభవ. మా మనుమడు, వాడును ఆ పేరివాడే, పరాయి ఊళ్లో ఇంజనీరింగు చదువుకు సిద్ధపడుచున్నాడు. వానికొక నోటుపుస్తకము కొని, అందులో మాకు తెలిసినంత వరకు వంశమును వ్రాసి, ప్రతి పేరు ప్రక్కను సంవత్సర నామముతో పాటు శకమును, కల్యబ్దమును, ఇంగ్లీషు సంవత్సరమును కూడ వేసితిమి. నాలుగవ తరము వద్ద “నరసింహశర్మ (మా తాతగారు కారు, వారి తాతగారు)” అని వ్రాసితిమి. అయిదవ తరము గడి ఖాళీగా నున్నది.

మార్గశిరమున మా తండ్రిగారి ఆబ్దికము. పిండప్రదానమైన తరువాత చేతికి అంటిన అన్నమును దర్భల మీద తుడుతుము గదా. ముత్తాతకు పైనున్న మూడు తరములవారు లేపభాక్కులు, వారికి పిండము లేదు, నామము లేదు, చేతికంటిన ఆ మెతుకులే వారి భాగము. ఆ తుడుపును మేము ఇన్నేండ్లు తొందరగా చేసెడివారము. ఈమధ్య కొంచెము నెమ్మదిగా చేయుచున్నాము.